నూకరాజు బీచ్ బండి

అత్త పోయిందన్న కబురు అందిన రోజునే మల్కాపురం వెళ్లాను. పెద్దకర్మ అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. అత్తంటే మా అమ్మకు వదిన, మావయ్య పైడయ్య భార్య, పేరు అప్పలనర్సమ్మ. పాలిటెక్నిక్‌లో చేరిన కొత్తలో నేను సబ్బవరం నుంచి పెట్టె పట్టుకుని వాళ్లింటికి వచ్చి, చదువు అయ్యేవరకు వాళ్ల కంచంలోనే తిన్నాను. ఈ పదిరోజులూ పలకరింపులకు వచ్చిన ప్రతి ఒక్కరికీ అత్త కొడుకు నూకరాజు నన్ను భుజం పట్టుకుని చూపించాడు. "ఈడే మా బావ. ఆ రోజు బీచ్‌లో ఈడు నా మీద పడి అడ్డుకోపోతే ఈ పాటికి నాకు తద్దినాలు ఎట్టుదురు" అని చెప్పేవాడు. నేను తల దించుకునేవాణ్ణి. మాస్టారికి ఎంత అణకువో అనుకునేవారు వచ్చినవాళ్లు. ఆ మాటలో నిజమెంతో తెలిసిన మనిషి, నేను కాక, అత్త ఒక్కతే. ఆమె ఇప్పుడు లేదు. అందుకే ఆ రోజుల సంగతి రాయడానికి కూర్చున్నాను.

అప్పట్లో ఆ ఇల్లు రెండు గదులూ ముందొక రేకుల వసారా. తెల్లవారుతుండగా అత్త వసారా కడిగేది. కడిగిన గంటకే పోర్టు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చిన నల్లటి బొగ్గు దుమ్ము గచ్చు మీద సన్నగా పరుచుకునేది. తాడు మీద ఆరేసిన తెల్లబట్టలు తెల్లగా లోపలికి వచ్చిన రోజు నాకు గుర్తులేదు. ఓ వైపు గాలి తిరిగితే రిఫైనరీ నుంచి ఘాటైన నూనె వాసన, ఇంకో వైపు తిరిగితే ఉప్పు వాసన, ఈ రెంటినీ తొక్కేస్తూ అత్త పెనం మీద వేగే ఎండు నెత్తళ్ల చేపల వాసన. పొద్దున్నే రాగిపిండితో కాచిన చోడంబలి, పచ్చి ఉల్లిపాయ, ఆ నెత్తళ్లు. మావయ్య పోర్టులో సరుకులెత్తే కలాసీ. షిఫ్టుకు వెళ్లేముందు వసారాలో పీట వేసుకుని, కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని, రెండు చేతులకూ భుజాల దాకా మర్దనా చేసుకునేవాడు. ఆ చేతులంటే ఆయనకు ఎంత ముద్దో చూస్తే తెలిసేది. ఆ చేతులంటే మాకెంత భయమో కూడా ఆయనకు తెలుసు.

ఆ ఇంట్లో మాటకంటే చెయ్యి ముందు లేచేది. మావయ్య కొట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. చెంబులో నీళ్లు చల్లారిపోయినా, చెప్పులు అడ్డంగా పడి ఉన్నా చాలు. టీవీలో బొమ్మ వణికితే దాని నెత్తిన ఒకటి వేసేవాడు. పంపులో నీళ్లు రాకపోతే పంపును తన్నేవాడు. మనిషినైనా వస్తువునైనా ఆయన బాగుచేసే పద్ధతి అదొక్కటే. అత్తా ఊరుకునే మనిషి కాదు. ఓసారి ఆమె విసిరిన ఇనప గరిటెకు మావయ్య కనుబొమ చీలి, కుట్లు పడ్డాయి. అయితే ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరినైనా బాగా కొట్టిన రోజున సాయంత్రం జాలరిపేట నుంచి చేపల గంప తెచ్చే ఆవిడ దగ్గర వంజరం తీసుకుని, తలకాయ ముక్క ఆ దెబ్బలు తిన్నవాడి కంచంలో వెయ్యమనేవాడు. నోరు తెరిచి ఏమీ అనేవాడు కాదు. వచ్చిన మొదటి నెలలోనే, సైకిలు తాళం పారేసినందుకు, నాకూ బెల్టు దెబ్బలు పడ్డాయి. ఆ సాయంత్రం తలకాయ ముక్క నా కంచంలో పడింది. ఆ రోజు నుంచే నేను ఆ ఇంటి మనిషినయ్యాననుకుంటాను.

ఆ ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి నూకరాజు. నాకంటే రెండేళ్లు పెద్ద. లారీ మీద క్లీనరుగా తిరిగి రాయిలా గట్టిపడ్డ ఒళ్లు. తండ్రి చెయ్యి ఒక్కసారి పట్టుకుని మెలిపెడితే ఆ ఇంట్లో కొట్టుడు అప్పుడే ఆగిపోయేది. అతను ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. మావయ్య నా మీదికి వస్తున్నప్పుడు మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చి మధ్యలో నిలబడేవాడు. బెల్టు అతని వీపు మీద పడేది. "అయిపోనాదా నాన్నా? బువ్వ తిందారి రా" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వుకు మావయ్యకు ఇంకా కోపం వచ్చి ఇంకో రెండు తగిలించేవాడు. నేను గోడకు ఆనుకుని చూస్తుండేవాణ్ణి.

లారీ మానేశాక నూకరాజు బీచ్‌లో బళ్లు తిప్పేవాళ్ల దగ్గర చేరాడు. కొన్నాళ్లకు ఒక పాత ఏటీవీ తనే సంపాదించాడు. నాలుగు లావుపాటి టైర్లు, మోటారుసైకిల్ హ్యాండిలు, మధ్యలో ఎర్రటి ప్లాస్టిక్ తొడుగు. బీచ్‌కు వచ్చినవాళ్లను దాని మీద ఎక్కించుకుని ఇసకలో ఒక చుట్టు తిప్పి దింపడం పని. దాన్ని వీధిలోకి తెచ్చిన రోజున అత్త పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. మావయ్య చుట్టూ తిరిగి చూసి, టైరును ఒక తన్ను తన్ని, "ఇదేటి, బండా బొమ్మా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

వారం తిరగకుండానే అది మొరాయించింది. నూకరాజు దాన్ని తోసుకుంటూ తెచ్చి వసారా ముందు నిలబెట్టాడు. "బావా, నువ్వు ఇంజినీరువి కదా, దీనికేటొచ్చిందో సూడు. చోకు లాగితే అందుకుంటాది. చోకు ఒగ్గేస్తే దగ్గుతాది, టపటపమంటాది, సచ్చిపోతాది" అన్నాడు. నేను అప్పటికి డిప్లొమా రెండో ఏడాది. ఇంజిన్ బొమ్మలు స్కేలు పెట్టి గీయడం వచ్చు. గ్రీసు అంటిన నట్టు విప్పింది తక్కువ. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసింది. పుస్తకం వసారాలో తెరిచి పెట్టుకుని మొదలుపెట్టాను. ప్లగ్గు విప్పితే నల్లగా మసి పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించాను. తర్వాత కార్బొరేటర్ విప్పాను. పెట్రోలునూ గాలినీ పాళ్లలో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం అది. దాని కింద చిన్న గిన్నెలాంటిది ఉంటుంది. అందులో ఉన్నది అత్త స్టీలు పళ్లెంలోకి వొంపితే, పెట్రోలు అడుగున నీటి బొట్లు ముత్యాల్లా దొర్లాయి. వాటి చుట్టూ ఇసక. పెట్రోలు చిమ్మే సన్నటి బెజ్జం మూసుకుపోయి ఉంటే, పాత క్లచ్ వైరులోంచి ఒక్క పోగు లాగి దానితో పొడిచి, నోటితో ఊది తెరిచాను. నోరంతా పెట్రోలు చేదు. బిగించి కిక్కు కొడితే అందుకుంది. నూకరాజు నన్ను నడుం పట్టుకుని పైకెత్తేశాడు.

ఆ సంబరం ఒక్క పూటే. బీచ్‌లో పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే మళ్లీ అందుకుంటుంది, మళ్లీ పది నిమిషాలకు ఆగిపోతుంది. ఓ రోజు మిగతా బళ్ల దారికి అడ్డంగా ఆగిపోతే, అక్కడ బళ్లు తిప్పే ఇంకో అతను వచ్చి, అందరి ముందూ, నూకరాజు చెంప మీద కొట్టాడు. నూకరాజు తుడుచుకుని బండి పక్కకు తోసుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో తెలిసింది. మావయ్య రెంచి పట్టుకొచ్చి ఇంజిన్ మీద ధన్ ధన్ మని వాయించాడు. "రెండు పీకితే అదే ఎల్తాది. మీకు సేతకాదు" అన్నాడు. ఇంజిన్ పక్కన సొట్ట పడింది. ఆ తర్వాత అదే రెంచితో నూకరాజు మోచేతి మీద కొట్టాడు, బీచ్‌లో దెబ్బ తిని ఊరుకుని వచ్చినందుకు.

ఆ పది నిమిషాల రోగం కనిపెట్టింది అత్త. నేను ప్లగ్గు మార్చాను, వైర్లు చూశాను, గిన్నె మూడుసార్లు కడిగాను. అత్త మూడురోజుల పాటు వసారాలో బియ్యం చెరుగుతూ నన్ను చూసింది. చివరికి, "ఒరే రమణా, నూనె డబ్బాకి ఒక్క కన్నం ఎడితే నూనె కారతాదేటిరా? రెండో పక్కని ఇంకో కన్నం ఎడతాం కాదేటి, గాలాడ్డానికి. ఈ బండి డబ్బాకి ఆ రెండో కన్నం ఏదీ?" అంది. నేను లేచి పెట్రోల్ ట్యాంకు మూత తిప్పాను. లోపలికి గాలి ఉస్సుమని లాక్కుంది. మూతలో గాలి కోసం సూది మొనంత కన్నం ఉంటుంది. ఉప్పూ సన్నటి ఇసకా చేరి అది మూసుకుపోయింది. పెట్రోలు దిగుతున్నకొద్దీ లోపల గాలి లేక ట్యాంకు బిగుసుకుపోయి, పెట్రోలు కిందికి దిగడం లేదు. ఆగిన కాసేపటికి ఎలాగో కొంచెం గాలి చొరబడి మళ్లీ దిగుతోంది. అత్త తన జాకెట్ పిన్నీసు తీసి ఇచ్చింది. దానితో పొడిచాను. ఆ రోగం అంతటితో పోయింది.

ఇంకొకటి మిగిలింది. యాక్సిలేటర్ నుంచి వేలు తీస్తే ఇంజిన్ ఆగిపోయేది. ఒక్కోసారి అందుకు విరుద్ధంగా, ఎవరూ ముట్టుకోకుండానే, దానంతటదే రేసు అందుకుని అరిచేది. కార్బొరేటర్ దాటాక ఎక్కడో చీలిక ఉండి గాలి దొంగదారిన లోపలికి పోతుంటే ఇలా జరుగుతుందని నా పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాకు తెలుసు. కార్బొరేటర్‌ను ఇంజిన్‌కు కలిపే లావుపాటి రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని విప్పి చూడాలి. విప్పాలంటే పైన ఎర్ర తొడుగంతా ఊడదియ్యాలి. అది ఆదివారం మధ్యాహ్నం. బీచ్‌లో జనం ఉండే రోజు. నూకరాజు తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడి ఉన్నాడు. మావయ్య లోపల నిద్రపోతున్నాడు. ఆయన లేచేసరికి బండి ఇంకా వసారాలోనే ఉంటే ఆ రెంచి ఈసారి ఎవరి మీద పడుతుందో అన్న భయం నాది. నేను తొడుగు ఊడదియ్యలేదు. ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు ఎంత వేగంగా తిరగాలో నిర్ణయించే స్క్రూ ఒకటి బయటికే కనబడుతూ ఉంటుంది. దాన్ని రెండు చుట్లు బిగించాను. ఇంజిన్ ఆగడం మానేసింది. గట్టిగా అరుస్తూ నిలబడింది.

ఆ బండికి చేత్తో నొక్కే క్లచ్ లేదు. ఇంజిన్ వేగం పెరిగితే క్లచ్ దానంతటదే పట్టుకుని చక్రాలు తిరుగుతాయి. అంటే నేను బిగించిన ఆ రెండు చుట్లతో, బండి ఎప్పుడూ ముందుకు పోదామనే చూస్తుంది. ఇదీ నాకు తెలుసు.

"సెట్టయిపోనాదా?" అన్నాడు నూకరాజు.

"అయిపోయింది."

"రేసింగు ఎక్కువ లేదేటి బావా?"

"వేడెక్కితే అదే సర్దుకుంటుంది" అన్నాను. వేడెక్కితే రబ్బరు ఇంకా విచ్చుకుంటుంది. అదీ ఆ పేజీలోనే ఉంది.

నేనూ అతనితో బీచ్‌కు వెళ్లాను. గంటన్నర బాగానే తిరిగింది. ఎండ తగ్గి, జనం ఒకళ్లనొకళ్లు తోసుకునేంతగా చేరారు. ఎక్కిన మనిషిని దింపడానికి నూకరాజు బండి ఆపి, కిందికి దిగి, అతనికి చెయ్యి అందించాడు. ఆ మనిషి ఇసకలో కాలు పెట్టాడో లేదో, ఇంజిన్ గొంతు మారింది. మొదట మూలిగినట్టు, తర్వాత కేకలా. మీద మనిషి లేని బండి ఒక్క దూకు దూకింది. నూకరాజు హ్యాండిలు పట్టుకుని వేలాడాడు. అది అతన్ని ఈడ్చుకుంటూ పోయి మరమరాలు కలిపి అమ్మే మురీ మిక్చర్ బండిని గుద్దింది. అక్కడ పొట్లం పట్టుకుని నిలబడ్డ ఒక యాభై ఏళ్ల ఆవిడ, ఆ మిక్చర్ బండికీ మా బండి చక్రానికీ మధ్య ఇరుక్కుంది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. అంత గోలలోనూ అది వేరేగా వినిపించింది.

మొదటి దెబ్బ ఆవిడ కొడుకుది. దానికి ఎవరూ తప్పు పట్టలేరు. కానీ తర్వాత కొట్టినవాళ్లకు ఆవిడ ఎవరో తెలియదు. నూకరాజు ఎవరో కూడా తెలియదు. అరటిగెలల బండి దగ్గరి కర్రతో ఒకడు కొట్టాడు. చెప్పులతో కొట్టారు. కొబ్బరిబొండం విసిరారు. నూకరాజు మోకాళ్ల మీద పడ్డాడు. చేతులు తలకు అడ్డం పెట్టుకున్నాడే కాని ఒక్కరి మీదా చెయ్యి విసరలేదు. "ఆవిణ్ణి సూడండి, ముందు ఆవిణ్ణి ఆసుపత్రికి ఎత్తండి బాబూ" అంటున్నాడు. ఎవరో అతని జుట్టు పట్టి తల పైకెత్తి, "ఎవుడ్రా ఈ బండి రిపేరు సేసినోడు?" అని అడిగాడు. నేను అక్కడికి పది అడుగుల దూరంలో ఉన్నాను. నూకరాజు కళ్లకు నేను ఆనానో లేదో తెలియదు. "నానే. నా బండి, నానే సేసుకున్నాను" అన్నాడు. దానికి ఇంకా కొట్టారు. అతను బోర్లా పడిపోయాడు.

అప్పుడే ఒకడు నా కాలరు పట్టుకున్నాడు. "నీ సేతులకి ఆ గ్రీసేటి? నువ్వు ఈడి మనిషివేనా?" అన్నాడు. చుట్టూ నలుగురు నా వైపు తిరిగారు. అందులో ఒకడి చేతిలో ఆ కర్ర ఉంది. దాని చివర తడిగా ఉంది. "కాదు, వీణ్ణి కొట్టడానికే వచ్చాను" అన్నాను. అన్నాక ఊరుకోవడానికి లేదు. వాళ్లు దారి ఇచ్చారు. నేను ముందుకు వెళ్లి, ఇసకలో పడి ఉన్న నూకరాజును కాలితో తన్నాను. తల పక్కన, చెవి మీద తగిలింది. ఉత్తుత్తిగా తన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకుని చూశాను. గట్టిగానే తన్నాను. భయం ఎంత ఉందో అంత బలంతో తన్నాను. ఆ క్షణంలో అతని మీద నాకు నిజంగా కోపం వచ్చింది కూడా. అంతమందిని రెచ్చగొట్టేలా అలా పడి ఉన్నాడేమిటని.

అదే సమయానికి పోలీసులు వచ్చారు. ఎవరు ఎవరన్నది చూడకుండా లాఠీలు తిప్పారు. నా వీపు మీద పడిన దెబ్బకు నేను తూలి నూకరాజు మీద పడ్డాను. ఇంకో రెండు నా మీదే పడ్డాయి. నా కింద నూకరాజు ఒక కన్ను తెరిచాడు. రెండోది వాచి మూసుకుపోయింది. "బావా, ఒచ్చినావా" అన్నాడు.

ఆవిడ బతికింది. కాలు అతుక్కోవడానికి చాలా నెలలు పట్టిందనీ, కర్ర లేకుండా మళ్లీ నడవలేదనీ తర్వాత తెలిసింది. కేసు నూకరాజు మీదే నడిచింది. స్క్రూ మాట అతను పోలీసుల దగ్గర ఎత్తలేదు. అతని ఎడమచెవికి వినికిడి పూర్తిగా పోయింది. ఏ దెబ్బకు పోయిందని డాక్టరును నేను అడగలేదు.

పోలీసులు బండి వదిలిపెట్టాక దాన్ని వీధిలోకి తెచ్చి పడేశారు. ఆ పొద్దున మావయ్య షిఫ్టుకు వెళ్లలేదు. నూనె రాసుకోలేదు. పక్కింటివాళ్ల దగ్గర సమ్మెట తెచ్చి బండిని కొట్టడం మొదలుపెట్టాడు. ఎర్ర తొడుగు ముక్కలై ఎగిరిపడింది. దీపం పగిలింది. హ్యాండిలు వంగింది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఎవరూ దగ్గరికి పోలేదు. ఆయన ఏడుస్తున్నాడు. ఏడుపుకూ కొట్టుడుకూ ఒకటే ఊపిరి సరిపెట్టుకుంటున్నాడు. చేతులు ఆడక సమ్మెట జారిపోయాక, చక్రం మీద తల ఆనించి కూలబడ్డాడు. కార్బొరేటర్ విడిపోయి నా కాళ్ల దగ్గర పడింది. దానితోపాటే ఆ రబ్బరు. దాని అడుగున గోరంత పొడవు చీలిక. చీలిక అంచుల లోపల ఇసక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. అంటే అది ఆ దెబ్బలకు చీలింది కాదు. చాలా రోజులుగా గాలి పీలుస్తూనే ఉంది. తొడుగు ఊడదీసి ఉంటే పావుగంటలో కనబడేది.

రెండు రోజులు అన్నం తినలేకపోయాను. మూడోరోజు మధ్యాహ్నం అత్త కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. స్క్రూ సంగతీ చెప్పాను, తన్నిన సంగతీ చెప్పాను. ఆమె పొలుసు అంటిన చేత్తోనే నా చెంప మీద కొట్టింది. రెండోసారి కొట్టింది. మూడోసారి చెయ్యెత్తి, దించేసి, కొంగుతో మొహం కప్పుకుంది. కొంగు తీసి అంది.

"ఆడు మంచం మీద కూకుని ఏటంటన్నాడో ఎరుగుదువా? అంతమంది కొట్టినారు గానీ మా బావ ఒచ్చీసి నా మీద పడిపోనాడే అమ్మా, అంటన్నాడు. ఆ ఒక్క మాట తలుసుకుని బువ్వ తింతన్నాడు. ఆ ముద్ద నువ్వు లాగీకు. నాను బతికున్నన్నాళ్లు ఆడికి ఈ మాట సెప్పకు. నా మీద ఒట్టు."

నేను ఒట్టు వేశాను. వెయ్యడం నాకెంత సుఖంగా తోచిందో ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత డిప్లొమా పూర్తిచేశాను, పై చదువు చదివాను, వేరే ఊళ్లో పాలిటెక్నిక్‌లో పంతులునయ్యాను. ఏళ్ల తరబడి పిల్లలకు కార్బొరేటర్ చెప్పాను. ఆగి ఆగి నడిచే ఇంజిన్‌ను ఎలా పరీక్షించాలో ఒక్కొక్క మెట్టూ బోర్డు మీద రాసేవాణ్ణి. స్క్రూ దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క విరిగేది. ఇప్పుడు ఆ పాఠానికే పని తగ్గిపోయింది. కొత్త బళ్లలో పెట్రోలు పాళ్లు చూసేది చిన్న కంప్యూటరు. ఏదైనా తేడా వస్తే దీపం వెలిగించి తనే చెబుతుంది. పిల్లలు ఒక వైరు తగిలించి, తెర మీద అంకె చదివి, ఏ భాగం మార్చాలో చెప్పేస్తారు. బండిని చెవితో వినాల్సిన అవసరం లేదు, తన్నాల్సిన అవసరం అసలే లేదు. మంచిదే. నా పిల్లల మీద నేను ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. మా ఆవిడ దాన్ని నా మంచితనం అని అందరితో చెబుతుంది. నూకరాజు కూడా తన పిల్లల్ని కొట్టలేదు. అతని సంగతి వేరు, అతను ఎప్పుడూ ఎవర్నీ కొట్టలేదు. మావయ్య చివరి రోజుల్లో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోతే నూకరాజే తాగించేవాడు. కొట్టినవాళ్లందరూ ఆ ఇంట్లోంచి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను మిగిలాను.

పెద్దకర్మ రోజు పొద్దున వీధికి అడ్డంగా షామియానా వేశారు. వంటవాళ్లు గాడిపొయ్యి మీద గుండిగలు ఎక్కించారు. నేను తువ్వాలు నడుముకు చుట్టుకుని విస్తరాకులు కడుగుతున్నాను. నూకరాజు తన కొత్త అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మళ్లీ అదే కథ, మొదటి నుంచీ, చెప్పాడు. చెప్పి, "బాబూ, మాస్టారి కాళ్లకి దండం ఎట్టు" అన్నాడు. ఆ కుర్రవాడు వంగి రెండు చేతులతో నా పాదాలు ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

అల్లుడు వెళ్లాక నూకరాజును పెరట్లో పంపు దగ్గరికి తీసుకువెళ్లాను. "బావా, ఆ రోజు నేను నిన్ను కాపాడ్డానికి నీ మీద పడలేదు. పోలీసు కొడితే పడ్డాను. అంతకు ముందు నేనూ నిన్ను కొట్టాను" అన్నాను.

అతను వినబడే చెవి నా వైపు తిప్పాడు. "ఏటి?"

గొంతు పెంచి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అతను నవ్వాడు. "అమ్మ పోనాదని నీకు బుర్ర తిరిగిందేటి బావా?"

స్క్రూతో మొదలుపెట్టి చెప్పాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇస్క్రూ సంగతి నాకు ఆ రోజే తెలుసు. బండి మీద కూకున్నోడికి తెలవదేటి? నాన్న లెగుస్తాడని బయపడి సేసీసినావు. అదేటి పెద్ద."

"కొట్టిన మాట కూడా నిజం బావా. నువ్వు వీడి మనిషివేనా అని నన్ను పట్టుకున్నారు. కాదని చెప్పడానికి కొట్టాను."

నవ్వు ఆగిపోయింది. "నాను నిలబడుండగానా, పడిపోనాకా?" అని అడిగాడు.

"పడ్డాక."

"సేత్తోనా?"

అతను నా మొహం చూస్తూనే ఉన్నాడు. "కాలితో" అన్నాను.

నూకరాజు పంపు తిప్పాడు. చేతులు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు. మళ్లీ చేతులు కడుక్కున్నాడు. అతను కొడతాడేమోనని చూశాను. కొట్టాలనే కోరుకున్నాను. ఇంతలో వీధిలోంచి ఎవరో ఆకులు వేశామని కేక పెట్టారు. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ముందు బంతి ఏసీసినారు. మీరెల్లి కూకోండి మాస్టారూ. ఎండలో ఎంతసేపని నిలబడతారు" అన్నాడు.

ముందు బంతి బయటివాళ్లకు. ఇంటివాళ్లం వడ్డించి, ఆఖరి బంతిలో తింటాం. ఆ ఇంట్లో ఏ కార్యానికీ నేను ముందు బంతిలో కూర్చోలేదు. నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, వెళ్లి వరసలో కూర్చున్నాను. నూకరాజే అన్నం గంప ఎత్తుకుని వచ్చాడు. ఒక్కొక్క ఆకు దగ్గరా వంగి వడ్డించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. హస్తం గరిటెతో అన్నం పెట్టి, నా పక్కనున్న ఊరూ పేరూ తెలియని మనిషిని అడిగినట్టే, "ఇంకొంచెం ఎయ్యమంటారా అండీ?" అని అడిగాడు.